చంటిబిడ్డ, ఎడపిల్ల, చెరకుతోట

మా సాయంకాలపు తెలుగు తరగతి ఈ ఏడాది మొదలైన నాడు మాస్టారు పుస్తకం తెరవలేదు. సుద్దముక్క మా చేతికిచ్చి, చిన్నతనంలో మీ ఇళ్లలో విన్న తెలుగు మాటలు ఏవి జ్ఞాపకమున్నాయో అవన్నీ బల్లమీద రాయండి, తెలుగు లిపి రాకపోతే ఇంగ్లీషు అక్షరాలతోనైనా రాయండి అన్నారు. తరగతిలో ఉన్నవారం పద్నాలుగు మందిమి. మా వలె ఉద్యోగ విరమణ చేసినవారు నలుగురు. మిగిలినవారు చాలావరకు చిన్నపిల్లల తల్లులు, ఒకరిద్దరు తండ్రులు. అరగంటకు బల్ల నిండింది. లెక్కపెడితే నలభై ఒక్క మాటలు తేలాయి.

వాటిలో పూజకు, పండుగకు సంబంధించినవి కొన్ని, వంటింటివి కొన్ని. తక్కినవన్నీ పసిపిల్లల చుట్టూ తిరిగేవే. బువ్వ, లాల, జోజో, ఉగ్గు, ఉయ్యాల, బూచి, తాయిలం, దిష్టి, చంక, గోరుముద్ద, బోసినోరు. డర్బన్‌లో పుట్టి, డర్బన్‌లోనే పెరిగి, తెలుగులో ఒక్క వాక్యం కూడా పూర్తిగా చెప్పలేని ముప్పై ఏళ్ల అమ్మాయి 'బోసినోరు' అని రాసింది. అర్థం అడిగితే తన కొడుకును చూపించి నవ్వింది. మాస్టారు కొంతసేపు బల్లవైపే చూస్తూ ఉండిపోయి, ఆ తరువాత అ ఆలు మొదలుపెట్టారు.

మేము మాత్రం ఆ రాత్రి ఇంటికి వచ్చాక కూడా ఆ బల్లనే తలచుకొంటూ ఉన్నాము. మన పూర్వికుల చరిత్రను సభలలో వింటూనే ఉన్నాము. ఓడల పేర్లు, ఎస్టేట్ల పేర్లు, పన్నులు, సమ్మెలు అందులో వస్తాయి. చంటిబిడ్డలు రారు. కాని నూట అరవై ఏళ్లు దాటిన తరువాత భాషలో మిగిలినవి వారి మాటలే అయినప్పుడు, ఆ బిడ్డలను ఎవరు పెంచారు, ఎలా పెంచారు అన్న సంగతి చరిత్రలో ఒక మూలకైనా చేరవలసి ఉంది. మాకు తెలిసినంతవరకు ఇక్కడ చెబుతాము.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అప్పటినుండి 1911 వరకు నేటాల్‌కు ఒప్పందపు కూలీలుగా వచ్చినవారు మొత్తం 1,52,184 మంది. అందులో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు మీదుగా వచ్చారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు వారిలో ఉన్నారు. ప్రతి ఓడకూ ఒక జాబితా ఉండేది. మనిషి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలు అందులో రాసుకొనేవారు. తల్లి ఒళ్లో ఉన్న పసిబిడ్డకు సైతం ఒక వరుస ఉండేది. ఇక్కడికి వచ్చాక పుట్టిన బిడ్డకు సొంత నంబరు లేదు. వాళ్ల కాగితాలమీద తల్లిదండ్రుల నంబర్లే ఉంటాయి. మా ఇంట్లో అటువంటి కాగితం ఒకటి ఉన్నది. మడతల దగ్గర చిరిగిపోయినందువల్ల దానిని పిల్లలకు చూపడానికి భయం.

ఒప్పందం ఐదేళ్లకు. మగవానికి మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు చొప్పున పెరిగి ఐదో ఏడాది పద్నాలుగు షిల్లింగులు. ఆడదానికి అందులో సగం. కాస్త పెరిగిన పిల్లలు పనికి వస్తే వయసును బట్టి ఇంకా తక్కువ. కూలితోపాటు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఎండుచేప వంటివి భత్యంగా ఇచ్చేవారు. పనికి రాని రోజుకు కూలి లేదు సరికదా, ఒక్క రోజు మానితే రెండు రోజుల కూలి కోసేవారు. 1872లో కూలీ కమిషన్ ముందుకు వచ్చిన ఫిర్యాదులలో ఇది ముఖ్యమైనది. పని చేయని ఆడవారికి భత్యం కూడా ఆపేసిన ఎస్టేట్లు ఉన్నాయి.

ఈ లెక్కను ఒక బాలింత వైపునుండి చదివి చూడండి. మన ఆచారంలో ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వెళుతుంది. పదకొండో రోజున పురిటిస్నానం చేస్తుంది. ఆ తరువాత కూడా నెలలతరబడి ఆమెను మంచం దిగనీయరు. తల్లి, పిన్ని, అమ్మమ్మ చుట్టూ ఉంటారు. బిడ్డకు నీళ్లు పోసేవారొకరు, ఉగ్గు పెట్టేవారొకరు. నేటాల్‌లో ఈ పద్ధతి అంతా ఒక్క దెబ్బతో పోయింది. పుట్టిల్లు సముద్రానికి ఆవల ఉంది. ఉన్నది ఎస్టేటు బ్యారక్సులో ఒక్క గది. మంత్రసాని ఉంటే పక్క గదిలోని ఆడమనిషే. ఒకే ఓడలో కలిసి వచ్చినవారు ఒకరినొకరు అన్నా, అక్కా అని పిలుచుకొని, ఆ వరుసలను పిల్లల పెళ్లిళ్ల వరకు పాటించేవారని మా ఇంట్లో చెప్పేవారు. అయితే ఆ ఓడ అక్కలు కూడా తెల్లవారితే చెరకుతోటలోనే ఉండాలి గదా. మరి నెల తిరగని బిడ్డను ఎవరు చూశారు?

మా ముత్తవ్వ, ముత్తాత 1897లో విశాఖపట్నం జిల్లానుండి వచ్చి, డర్బన్‌కు ఉత్తరాన ఉన్న ఒక చెరకు ఎస్టేటులో చేరారు. 1899లో వారికి ఒక ఆడపిల్ల పుట్టింది. 1903లో ఒక మగపిల్లవాడు. ఆ మగపిల్లవాడు మా తాత. ఆ ఆడపిల్లను మేము పెద్దవ్వ అని పిలిచేవాళ్లము. ఆమె 1975 వరకు బ్రతికింది. ఇకపై చెప్పబోయేది ఆమె నోట విన్నదే. ఆమె చెబుతున్నప్పుడు మాకు పదేళ్లు, పన్నెండేళ్లు ఉండేవి. ఆమె తెలుగు మాకు సగమే తెలిసేది. తక్కిన సగం ఆమె చేతులు చెప్పేవి.

తెల్లవారకముందే గంట కొట్టేవారట. ముత్తవ్వ గంటకు ముందే లేచి పొయ్యి రాజేసి, మొక్కజొన్న పిండితో జావ కాచి, ఒక తప్పేలాలో మధ్యాహ్నానికి అన్నం కట్టుకొనేది. బిడ్డకు ముందుగా ఒక రొమ్ము, గుమ్మం దాటేటప్పుడు రెండో రొమ్ము. ఒక చంకలో బిడ్డ, నెత్తిన తప్పేలా, వెనకాల కొంగు పట్టుకొని నాలుగేళ్ల పెద్దవ్వ. తోట అంచున ఉన్న చెట్టుకొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో వేసి, పెద్దవ్వను పక్కన కూర్చోబెట్టి, ముత్తవ్వ కలుపుతీతకు చెరకు వరుసల్లోకి వెళ్లిపోయేది. చెరకు మనిషిని మించి పెరుగుతుంది. పది అడుగులు లోపలికి వెళితే తల్లి కనబడదు.

నాలుగేళ్ల పిల్లకు ఇచ్చిన పనులు ఇవి. ఉయ్యాల ఊపాలి. ఎండ జరిగితే చీర అంచు జరపాలి. చీమలు తాడు వెంట దిగకుండా చూడాలి. గడ్డిలో కదలిక కనిపిస్తే అరవాలి, అక్కడ పాములు ఎక్కువ. బిడ్డ ఏడిస్తే మొదట జోకొట్టాలి. ఊరుకోకపోతే గుడ్డ తడిసిందేమో చూడాలి. అప్పటికీ ఊరుకోకపోతే అది ఆకలి ఏడుపు. అప్పుడు మాత్రమే వరుసల్లోకి పరుగెత్తి అమ్మను పిలవాలి. పూటకు ఒక్కసారి పాలిచ్చి రావడానికి సర్దారు ఊరుకొనేవాడట. రెండోసారి పిలిస్తే తిట్టు అమ్మకు పడేది. కాబట్టి ఏడుపులోని తేడా తెలియడం ఆ పిల్లకు చాలా అవసరమైన విద్య. డెబ్బై ఏళ్ల వయసులో కూడా పెద్దవ్వ వీధి చివర ఏడ్చే బిడ్డను విని, ఇది నిద్ర ఏడుపు, ఇది కడుపునొప్పి ఏడుపు అని ఇంట్లో కూర్చొని చెప్పేది. ఆమె చెప్పినది తప్పడం మేము చూడలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోయింది. ఎర్రచీమలు తాడు వెంట దిగాయి. తాత చెవి తమ్మెమీద తెల్లని గరుకు మచ్చ ఒకటి చివరివరకు ఉండేది. అది ఆనాటిది. ముత్తవ్వ పరుగెత్తుకొచ్చి బిడ్డను దులిపి, ఆ తరువాత పిల్లను కొట్టింది. కొట్టి తాను ఏడ్చిందట. ఈ సంగతి చెప్పేటప్పుడు పెద్దవ్వ దెబ్బ గురించి బాధపడేది కాదు. చీమలు కుడుతున్నంతసేపు తమ్ముడు ఏడ్చే ఉంటాడు కదా, నాకు వినబడలేదు అనేది. డెబ్బై ఏళ్లు గడిచినా ఆమెకు అదే బాధ.

ఆమె తనను గురించి వాడిన మాట 'ఎడపిల్ల'. కొత్త బిడ్డ పుట్టగానే తల్లి ఒడి దిగవలసివచ్చిన ముందుబిడ్డ అని ఆమె చెప్పిన అర్థం. మన ఊళ్లలో ఆ ఎడపిల్లను అమ్మమ్మ ఎత్తుకొంటుంది. తల్లి ఒడి పోయిందన్న బెంగ తెలియకుండా కథలు చెబుతుంది, గోరుముద్దలు పెడుతుంది. నేటాల్‌లో మొదటి రెండు మూడు తరాల ఎడపిల్లలకు అమ్మమ్మ లేదు. "నన్నెవరూ ఎత్తుకోలేదు, నేనే ఎత్తుకొన్నాను" అని పెద్దవ్వ నవ్వుతూ అనేది. మేము కూడా నవ్వేవాళ్లము. ఆ మాటలో ఏమున్నదో తెలిసేంత వయసు అప్పుడు మాకు లేదు.

మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇక్కడే ఉన్నది. తోట అంచున ఆ చెట్టుకింద రోజంతా వినబడిన తెలుగు ఎవరిది? నాలుగేళ్ల పిల్లది. ఆమె తల్లి దగ్గర ఎంత తెలుగు నేర్చిందో అంతా తమ్ముడిమీద ప్రయోగించింది. బువ్వ, లాల, జోజో, బూచి అన్నీ ఆమె నోటినుండే అతని చెవికి చేరాయి. జోలపాటలో చరణం మరచిపోతే తనకు తోచినది కలిపేది. ఆ చెట్టుకింద భాష పెద్దలనుండి పిల్లలకు కాక, పిల్లలనుండి పిల్లలకు దిగింది. మా తరగతి బల్లమీద పాపాయి మాటలే ఎందుకు నిండాయో మాకు ఇప్పుడు కొంత అర్థమవుతున్నది.

ఆ చెట్టుకింద తెలుగొక్కటే వినబడేదని కూడా అనుకోకూడదు. ఎస్టేటు చుట్టుపక్కల జూలూ కుటుంబాలు ఉండేవి. బిడ్డను దుప్పటితో వీపుకు కట్టుకొని రెండు చేతులా పని చేసుకొనే విధానాన్ని ముత్తవ్వ వారిని చూసి నేర్చుకొన్నది. బ్యారక్సులోని పెద్దలు మొదట ఇష్టపడలేదట, బిడ్డను చంకన వేసుకోవడమే మన మర్యాద అని. పని తొందరలో ఆ మర్యాద ఎన్నాళ్లో నిలవలేదు. పెద్దవ్వ జోలపాటలో 'తూలా' అనే మాట మధ్య మధ్య వచ్చేది. అది తెలుగేనని మేము చాలాకాలం అనుకొన్నాము. ఊరుకో అని అర్థమిచ్చే జూలూ మాట అది.

కొన్ని వస్తువులకు మాత్రం కొదవ లేదు. ఆముదపు చెట్లు నేటాల్‌లో అడవిగా పెరుగుతాయి. కాబట్టి బిడ్డ మాడున పెట్టడానికి ఆముదం దొరికేది. మునగ, కరివేపాకు మనవాళ్లు నాటుకొన్నారు. పురిటి గుమ్మానికి కట్టడానికి వేపాకు లేకపోతే వేపను పోలిన సిరింగా చెట్టు ఆకు కట్టారు. ఇప్పటికీ అమ్మవారి పూజల్లో ఆ ఆకు వాడేవారు ఉన్నారు. అది వేప కాదని చెబితే వినరు, విననవసరమూ లేదు. సాంబ్రాణి, వస డర్బన్ బజారులోని భారతీయ వర్తకుల దగ్గర కొనవలసి వచ్చేది. కాళ్లు చాపుకొని కూర్చొని, బిడ్డను కాళ్లమీద బోర్లా వేసి, నలుగుపెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టడం ఆదివారపు పని. వారంలో ఆ ఒక్క రోజు మాత్రమే తల్లి కాళ్లు బిడ్డకు దొరికేవి.

ఇక పన్ను సంగతి. 1895లో నేటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒప్పందం ముగిశాక ఇండియాకు తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా ఇక్కడే ఉండదలచినవారు ఏటా మూడు పౌన్లు కట్టాలి. 1903లో దానిని పిల్లలకు కూడా వర్తింపజేశారు. మగపిల్లలకు పదహారేళ్లు, ఆడపిల్లలకు పదమూడేళ్లు నిండితే పన్ను. లెక్క చూద్దాము. నెలకు పద్నాలుగు షిల్లింగులు సంపాదించేవానికి ఏడాదికి 168 షిల్లింగులు, అంటే ఎనిమిది పౌన్ల ఎనిమిది షిల్లింగులు. భార్య, భర్త, ఈడొచ్చిన ఇద్దరు పిల్లలు ఉంటే పన్ను పన్నెండు పౌన్లు. ఏడాది సంపాదన అంతా పోసినా చాలదు.

మా తాత పుట్టిన సంవత్సరమే ఆ చట్టం పిల్లల మీదికి వచ్చింది. ముత్తాత ఒప్పందం 1902లో ముగిసింది. పన్ను కట్టలేక మళ్లీ రాశాడు, ఆ తరువాత మరొకసారి రాశాడు. 1912లో పెద్దవ్వకు పదమూడు నిండాయి. ఇంట్లో ఒక ఆడపిల్ల పెద్దదవుతుంటే పెళ్లి ఖర్చు గురించి భయపడే తండ్రులను మనం ఎరుగుదుము. పుట్టినరోజును చూసి భయపడిన తండ్రి ఆయన. ఈ పన్ను మీద, దానితోపాటు భారతీయ వివాహాలు చెల్లవన్న తీర్పు మీద 1913లో జరిగిన సమ్మె సంగతి మన పిల్లలు బడిలో చదువుకొంటారు. నవంబరు 6న చార్ల్స్‌టౌన్ నుండి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటిన గాంధీగారి యాత్రలో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ఉన్నారు.

ఆ పిల్లల గురించి పాఠ్యపుస్తకాలు ఆగి మాట్లాడవు. నడకలో చంటిబిడ్డలను ఎత్తుకొన్న ఇద్దరు తల్లులను గురించి గాంధీగారు తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో రాశారు. ఒక బిడ్డ చలికి తట్టుకోలేక చనిపోయింది. ఇంకొక బిడ్డ వాగు దాటుతుండగా తల్లి చేతులనుండి జారి నీటిలో పోయింది. ఆ తల్లులు ఆగకుండా నడిచారు. ఈ సంగతి మేము మొదటిసారి చదివినప్పుడు మా అమ్మాయికి మూడు నెలలు. పుస్తకం మూసి పక్కన పెట్టి, మళ్లీ చాలా రోజులకు గాని తెరవలేదు. ఆ తల్లుల పేర్లు మన సభలలో ఎవరూ చెప్పగా వినలేదు. పన్ను 1914లో రద్దయింది.

తాత పెద్దవాడై 1920లలో డర్బన్ నగర కార్పొరేషన్‌లో పనికి కుదిరి, కుటుంబంతో మాగజీన్ బ్యారక్సుకు మారాడు. సాంసూ రోడ్డు దగ్గర, కార్పొరేషన్ తన భారతీయ పనివారికోసం కట్టిన ఇళ్లు అవి. తెలుగువారు, తమిళులు ఎక్కువ. గదులు ఇరుకు, కొళాయిలు ఉమ్మడి, మరుగుదొడ్లు ఉమ్మడి. మురికి, రోగాలు అన్నీ నిజమే. అయినా మా పెద్దలు ఆ చోటును తలచుకొని కన్నీరు పెట్టుకొనేవారు. కారణం మాకు ఆలస్యంగా తెలిసింది. నేటాల్ తెలుగు తల్లికి మొదటిసారి ఒక పుట్టిల్లు వంటిది దొరికింది అక్కడ. బాలింతకు వరుసలోని ఆడవారు వంతులవారీగా పథ్యం వండేవారు. ఎడపిల్లను ఎవరి గుమ్మంలో వదిలినా అన్నం పెట్టి పంపేవారు. పెద్దవ్వ అప్పటికి ముప్పై ఏళ్ల వితంతువు, పిల్లలు లేరు. వరుసలోని బిడ్డలందరికీ నీళ్లు పోసేది ఆమెయే. రోజుకు ఐదుగురు ఆరుగురు బిడ్డలు ఆమె కాళ్లమీద పడుకొనేవారట.

ఆ రోజులలోనే సాయంకాలపు తెలుగు బడులు బలపడ్డాయి. 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ఏలూరువారైన కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు 1929 నుండి 1932 వరకు భారత ప్రభుత్వ ఏజెంటుగా ఇక్కడ ఉన్న కాలమది. బడిలో నేర్చిన అక్షరాలు ఇంట్లో విన్న మాటలమీద పడ్డాయి కాబట్టి అతుక్కొన్నాయి. ఈ క్రమాన్ని గమనించాలి. ముందు కాళ్లమీద లాల, తరువాత పలకమీద అక్షరం. మా వంటివారు ఈ క్రమాన్ని తలకిందులు చేసుకొని, అరవై ఏళ్లకు అక్షరం పట్టుకొని లాల కోసం వెదుకుతున్నాము.

యుద్ధకాలంలో బియ్యం కరువై, మొక్కజొన్నను బియ్యపు గింజలంత ముక్కలుగా దంచిన మీలీ రైస్‌ను మనవాళ్లు తిన్నారు, దానితోనే బిడ్డలకు ఉగ్గు చేశారు. 1946లో ఇక్కడి ప్రభుత్వపు జాతివివక్షకు నిరసనగా భారతదేశం వాణిజ్యాన్ని తెంచుకొన్నది. న్యాయమైన పనే. కాని దానితో తెలుగు పుస్తకాల రాక ఇంచుమించు ఆగిపోయింది, ఉపాధ్యాయులు రాలేదు. దౌత్య సంబంధాలు తిరిగి కుదిరింది 1993లో.

అన్నిటికంటె పెద్ద దెబ్బ ఇళ్లు మారడం. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద భారతీయులను వేరుగా ఉంచడానికి చాట్స్‌వర్త్ కట్టారు. 1960లలో మాగజీన్ బ్యారక్సు ఖాళీ చేయించి, ఆ కుటుంబాలను అక్కడికి పంపారు. మాకు అప్పటికి నాలుగైదేళ్లు. మా తమ్ముడు చంటివాడు. కొత్త ఇంటిలో సొంత కొళాయి, సొంత మరుగుదొడ్డి ఉన్నాయి. అమ్మ వాటిని చూసి ఎంత సంతోషించిందో మాకు జ్ఞాపకం ఉంది. కాని బ్యారక్సు వరుస చెల్లాచెదరయింది. ఒక పిన్ని ఒక యూనిట్‌లో, ఇంకొక అత్త రెండు బస్సులు మారి వెళ్లవలసినంత దూరాన. అద్దె, బస్సు ఖర్చు పెరిగాయి. మన ఆడవారు వేలాదిగా బట్టల ఫ్యాక్టరీలలో చేరిన కాలమది. అమ్మ కూడా చేరింది. చెరకుతోటకు వెళ్లిన ముత్తవ్వ వెంట బిడ్డ వెళ్లింది. ఫ్యాక్టరీకి బిడ్డను రానివ్వరు.

మా ఇంట్లో పెద్దవ్వ ఉన్నందువల్ల మాకు జరిగిపోయింది. ముందుగదిలో దూలానికి ఒక కొక్కెం వేయించి, చీర ఉయ్యాల కట్టించింది. తమ్ముణ్ణి ఊపే పని మాకు అప్పగించబోయిన అమ్మతో, ఆ పసిదాన్ని ఆడుకోనీ అని గట్టిగా చెప్పింది. ఆమె మాట మీద మేము బయటకు పోయి ఆడుకొన్నాము. పెద్దవ్వ మమ్మల్ని ఎందుకు పంపివేసిందో చెప్పలేదు. అమ్మకు తెలిసే ఉంటుంది. ఇరుగుపొరుగు ఇళ్లలో పెద్దవ్వలు లేరు. అక్కడి బిడ్డలు పక్కింటి ఆంటీ దగ్గర ఇంగ్లీషు వింటూ పెరిగారు. పెద్దవ్వ పోయిన తరువాత మా ఇంట్లో కూడా తెలుగు ఆగింది. ఫలానా రోజున మానేద్దామని ఎవరూ అనుకోలేదు.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. మేము ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఇంగ్లీషులో పాఠాలు చెప్పి, ఆ జీతంతో ఇల్లు కట్టుకొన్నాము. మా పెద్దవాడికి నాలుగేళ్లు ఉండగా 1990లో అమ్మాయి పుట్టింది. చెల్లెలు రాగానే వాడు మళ్లీ సీసాతో పాలు తాగుతానని, చంకనెక్కుతానని మారాం చేశాడు. పగలంతా ఇతరుల పిల్లలను ఓర్పుతో చూసివచ్చి, సాయంకాలం సొంత పిల్లవాడిని కసిరిన రోజులు ఉన్నాయి. ఎడపిల్ల అన్న మాట అప్పుడు మా నోటికి రాలేదు, వచ్చి ఉంటే వాడిని కొంచెం వేరుగా చూసేవాళ్లమేమో. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాము. బడిలో వెనకబడతారన్న భయం మాది. ఉపాధ్యాయులమై ఉండి, ఇంట్లో రెండు భాషలు విన్న బిడ్డ వెనకబడదని తెలిసి కూడా భయపడ్డాము. మా అమ్మ ఒకటి రెండుసార్లు మనవరాలికి కాళ్లమీద నీళ్లు పోయబోతే, ప్లాస్టిక్ తొట్టి ఉన్నదిగా అన్నాము. ఆమె మళ్లీ అడగలేదు.

ఈ మార్చిలో మా అమ్మాయికి రెండో కాన్పు అయింది. పెద్దదానికి నాలుగేళ్లు. పురిటికి మా ఇంటికే వచ్చింది, మన కుటుంబంలో పుట్టింటికి వచ్చిన బాలింతలను లెక్కపెడితే ఎక్కువమంది ఉండరు. బిడ్డకు కాళ్లమీద నీళ్లు పోయడానికి కూర్చొన్నాము. మోకాళ్లు సహకరించలేదు. చిన్న పీట వేసుకొని, గోడకు ఆనుకొని, ఎలాగో పోశాము. జోలపాట ఎత్తుకొంటే రాగం వచ్చింది, మాటలు రాలేదు. పెద్దవ్వ చేసినట్టే ఖాళీలలో తోచిన మాటలు వేశాము. మాకు తోచినవి సాయంకాలపు తరగతి మాటలు గదా, మూడో పాఠంలోని పండ్ల పేర్లు కూడా అందులోకి వచ్చేశాయి. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి విన్నది. ఏమీ అనలేదు.

నాలుగేళ్లది మాత్రం పక్కనే కూర్చొని, తనకు కూడా పోయమని పట్టుబట్టింది. కాళ్లమీద పట్టదు. అయినా ఎత్తుకొని కూర్చోబెట్టి రెండు చెంబులు పోశాము. మర్నాడు తమ్ముడు ఏడుస్తుంటే అది పరుగున వచ్చి ఆకలి అని చెప్పింది. ఆకలి కాదు, గుడ్డ తడిసింది. ఇంకా నేర్చుకోవాలి.

తరగతిలో మా మాటగా మేము 'ఎడపిల్ల' రాశాము. పద్నాలుగు మందిలో ఇంకెవరికీ ఆ మాట తెలియదు. మాస్టారు దానిని నోటుపుస్తకంలో మొదటి పేజీలో ఎక్కించారు. ఆ నోటుపుస్తకం ఇప్పుడు ఆలయం కార్యాలయంలో గుమాస్తాగారి బల్లమీద ఉంటుంది. మీ ఇంట్లో పిల్లలను ఎత్తుకొనేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు, తిట్టేటప్పుడు వాడిన మాట ఏదైనా సరే, ఇంగ్లీషు అక్షరాలతోనైనా సరే, అందులో రాయండి. ఎవరి నోట విన్నారో, ఏ ఎస్టేటులో లేదా ఏ బ్యారక్సులో విన్నారో పక్కన రాస్తే మరీ మంచిది. కిందటి శుక్రవారానికి అరవై మూడు మాటలు చేరాయి. ఎవరి ఇంట్లోనైనా పాత ఉగ్గుగిన్నె ఉంటే ఒక సాయంకాలం తరగతికి తీసుకొని రండి. మా పిల్లలు దాని పేరు రాశారు గాని, దానిని కంటితో చూసినవారు లేరు.